కొమ్ము లేని తలుపు

గేజీల మరమ్మతు షాపు,
కిటికీ పక్క బల్ల.
జూన్ 3

గౌరవనీయురాలైన అక్కకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

నీవు పంపిన చిన్న మెమరీ కార్డు భద్రంగా చేరింది. అందులో ఇరవై మూడు భాగాలున్నాయి; మొత్తం పదకొండు గంటల నలభై నిమిషాలు. కవరు మీద పన్నెండు గంటలని వ్రాశావు. తప్పు పట్టడం లేదు, నమోదు చేస్తున్నాను.

చూపు లేనివారి శ్రవణ గ్రంథాలయానికి నీవు నాలుగు నెలల పాటు చదివి ఇచ్చిన మొదటి నవల ఇదని తెలిసి గర్వపడ్డాను. నాకూ ఒక ప్రతి పంపి, ఇరవై ఏళ్లుగా పుస్తకం ఎందుకు ముట్టలేదో చెప్పమన్నావు. ఎవరడిగినా తీరిక లేదనేవాణ్ణి. అది అబద్ధం. నీకు నిజం చెబుతాను: కళ్లను దాచుకుంటున్నాను.

నాన్న పూలకొట్టు బోర్డు మీద 'దుకాణం' అని వ్రాయబోయి 'దకాణం' అని వ్రాసిన రోజు గుర్తుందా? వీధి వీధంతా నవ్వింది. అప్పుడు ఆయనకు నలభై ఆరు. చూపు నడిమధ్య మసక మొదలైందని ఆయనకు అప్పటికే తెలుసు, ఏడాది పాటు మన దగ్గర దాచాడు. బడికి పోవలసిన వయసులో నేను ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను. వచ్చే మార్చికి నాకు నలభై ఆరు నిండుతాయి. నేను రోజుకు ఒత్తిడి కొలిచే నలభై గేజీల ముళ్లు చూడాలి. ఒక్క గీత తప్పు చదివి 'సరిగా ఉంది' అని చీటీ కట్టానంటే, ఆ చీటీని నమ్మి ఎక్కడో బాయిలరు పక్కన ఒక మనిషి నిలబడతాడు. కనుక ఉన్న చూపు ముళ్లకే చాలాలి, నవలలకు కాదు అని ఇరవై అయిదో ఏట తీర్మానించుకున్నాను.

ప్రతి ఉదయం పళ్లు తోముకోక ముందే నేను చేసే పరీక్ష ఇది:
ఒకటి. గోడకు అంటించిన గళ్ల కాగితం ఎదుట మూరెడు దూరంలో నిలబడుట.
రెండు. ఎడమ కన్ను మూసి నడిమి చుక్కను చూచుట. ఆపై కుడి కన్ను.
మూడు. గళ్లు వంకర పోయినా, మాయమైనా తేదీ వ్రాసుకొనుట.
ఇంతవరకు ఏ తేదీ వ్రాయలేదు. నీకూ ఒక గళ్ల కాగితం ఇందులో పెడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం క్యారియరు తెరిచి మొదటి భాగం విన్నాను. అన్నం చల్లారింది, నేను గమనించలేదు. గొంతు బొంగురు పోయిందని కదా బస్ స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగం రెండేళ్ల కిందట వదిలావు? కార్డులో నీ గొంతు గంట కొట్టినట్టుంది. ఇదీ నమోదు చేస్తున్నాను.

మా కింది వాటా దర్జీ గారి షాపులో ప్రతి ఆదివారం నలుగురు కూడి ఇదే నవల చర్చిస్తున్నారట. పిలిచారు. వెళ్లడానికి ధైర్యం చాలలేదు.

విధేయుడు,
తమ్ముడు

—

వంటింటి గట్టు మీద నుంచి,
జూన్ 15

ఒరే జాబితా,

'గౌరవనీయురాలైన' ఏంట్రా, నేనేమన్నా తహసీల్దారునా? ఈ ముక్క చదివేసరికి సగం టీ పొలమారింది.

పెన్ను పాడైంది, ఈ లావు స్కెచ్ పెన్నుతో రాస్తున్నా. పేజీకి నాలుగు లైన్లే పడుతున్నాయి. విసుక్కోకు.

గొంతు అప్పుడు బాలేదు, ఇప్పుడు బాగుంది. అంతే. దానికి కూడా పట్టిక రాయకు.

నీ గళ్ల కాగితం అలమార అరలో పరిచా. బొద్దింకలు లైనులో నడుస్తున్నాయి.

పోయి వాళ్లతో కూచో. పుస్తకం చెవితో చదివితే పాపం కాదు. నువ్వు అక్షరాలు నేర్చుకుందే చెవితో. పదహారేళ్ల గాడిదవి, నాన్న పాత బోర్డుల ముందు కూచోబెట్టి నేను చదువుతుంటే వేలు పెట్టి వెంట తిరిగావు. కొమ్ము రాయడం రాక ఏడిస్తే నా జడపిన్ను వంచి లకారం పక్కన పెట్టా, 'చూడు, ఇది పెడితే లు, తీస్తే ల' అని. ఊహించి చదివితే మొట్టికాయ. గుర్తుందా?

భయపడి భయపడి చూపు దాచుకుని ఎవరికి పెడతావురా?

అక్క

—

గేజీల మరమ్మతు షాపు,
జులై 9

గౌరవనీయురాలైన అక్కకు (నీవు నవ్వినా ఈ మాట మానను),

వెళ్లాను. దర్జీ గారు గుడ్డ కత్తిరించే పొడుగు బల్ల చుట్టూ కూర్చుంటారు. దర్జీ గారు, ఆసుపత్రి ఉద్యోగం నుంచి విరమించిన నర్సమ్మ గారు, లెక్కల మాస్టారు, ఆయన భార్య. అయిదో కుర్చీ నాది. ఎదురుగా ఇస్త్రీ పెట్టె, గోడకు సగం కుట్టిన కోట్లు.

వింటున్నానని చెప్పలేకపోయాను. దర్జీ గారు అందరికీ తెప్పించిన ప్రతుల్లో ఒకటి కొని, దానికి అట్ట వేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వారు పేజీ తిప్పినప్పుడల్లా నేనూ ఏదో ఒక పేజీ తిప్పాను. "ఏ పేజీ అన్నగారూ?" అని నర్సమ్మ గారు అడిగారు. "మీరున్న పేజీయే" అన్నాను. మాస్టారు నవ్వి, "జవాబు చూసి రాసే పిల్లలు కూడా ఇలాగే అంటారండీ" అన్నారు. బడి మొహం సరిగా చూడనివాణ్ణని వారికి తెలిసిపోతుందేమోనని రెండు గంటలూ పుస్తకాన్ని ఒళ్లోంచి తీయలేదు.

అయినా అక్కా, వారం పొడుగునా ఆదివారం కోసమే ఎదురు చూస్తున్నాను. బల్ల మీద గేజీ, చెవిలో నీవు. కథలో పడవ నడిపే ఆ స్త్రీ రేవు విడిచిన ప్రతిసారీ నేను వెంట పోతున్నాను. ఇన్నేళ్లు దీనిని ఎలా వదులుకున్నానో తెలియడం లేదు.

పందొమ్మిదో భాగంలో ఒక చోట రికార్డును ఆపి మళ్లీ మళ్లీ విన్నాను. "గోడ పట్టుకుని నడిచే మనిషికి ఇల్లు ప్రతిరోజూ ఒక అడుగు పెరుగుతుంది. ఉదయం నాలుగు అడుగులున్న వసారా సాయంత్రానికి ఊరి పొలిమేర దాకా పోతుంది." అది మన నాన్నే. ఆ రచయితకు మన ఇల్లు ఎలా తెలిసింది? వచ్చే ఆదివారం దీనిని గురించి మాట్లాడాలని వ్రాసి పెట్టుకున్నాను.

తమ్ముడు

—

వంటింట్లోంచి,
జులై 20

ఒరే తమ్ముడూ,

ఆ ముక్క గురించి అక్కడ మాట్లాడకు. మామూలు వాక్యమే. అంతకన్నా మంచివి బోలెడున్నాయి. చివరి పేజీ గురించి మాట్లాడు, అది బాగుంటుంది.

గ్రంథాలయం వాళ్లు రెండో పుస్తకం ఇచ్చారు. ఇంకా మొదలెట్టలా. వాళ్ల ఆఫీసావిడ రోజూ ఫోను, "ఎప్పుడు మేడమ్?" అని. ఉక్కపోతగా ఉందన్నా. ఉక్కకీ చదువుకీ ఏంటి సంబంధం అని అడగలేదు, మర్యాదస్తురాలు. నువ్వూ అడక్కు.

అక్క

—

గేజీల మరమ్మతు షాపు,
ఆగస్టు 18

అక్కా,

జరిగినది జరిగినట్టు వ్రాస్తున్నాను.

నీ మాట ప్రకారం గోడ వాక్యాన్ని వదిలి చివరి పేజీ గురించి మాట్లాడాను. పడవ మనిషి ఇల్లు విడిచిపోయే ఆ ఆఖరి వాక్యం: "ఆమె వెనుదిరిగి చూడలేదు, కానీ తలపు తెరిచే ఉంచింది." జీవితంలో మొదటిసారి పదిమంది ఎదుట పది నిమిషాలు మాట్లాడాను (లెక్కకు నలుగురే). మనిషి ఇల్లు విడిచినా తలపును మూయదు, అందుకే రచయిత ఇంటి మాట ఎత్తలేదు, ఎంత గొప్ప ఎంపిక, అని చెప్పుకుపోయాను.

ముగించాక చూస్తే అందరూ ఆఖరి పేజీ తెరుచుకుని కూర్చున్నారు.

దర్జీ గారు మెల్లగా అన్నారు: "అన్నగారూ, తలపు కాదండీ. తలుపు. డోరు."

"మీ దాంట్లో అచ్చుతప్పేమో, ఏదీ ఇటివ్వండి," అని మాస్టారు నా ఒళ్లోంచి పుస్తకం తీసుకున్నారు. అందులోనూ తలుపే. పైగా అంతకు ముందు పేజీలు చాలా వరకు అచ్చాఫీసు నుంచి వచ్చినట్టే అంచుల దగ్గర అతుక్కుని ఉన్నాయి, కత్తెరే పడలేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఇక దాచలేక, వింటున్నానని చెప్పేశాను.

నర్సమ్మ గారు బల్ల మీద చరిచి నవ్వారు. "ఇంత చక్కటి తప్పు నా జన్మలో వినలేదు! ఆ చదివినావిడ ఎవరో గానీ, రచయిత కన్నా బాగా రాసింది." అందరూ నవ్వారు. ఎవరూ నన్ను చిన్నచూపు చూడలేదు. ఇన్ని వారాలు భయపడిన గండం టీ చల్లారే లోపల దాటిపోయింది.

అసలు భయం మెట్లెక్కుతుండగా పట్టుకుంది. నీవు తప్పు చదవవు. ముప్పై ఏళ్లు బస్సుల పేర్లు చదివిన మనిషివి, ఒక్క ఊరి పేరు తప్పు పోనివ్వలేదు. తలుపులోంచి పోయింది కొమ్ము. దుకాణంలోంచి పోయింది కూడా కొమ్మే.

పుస్తకం అంచులు విడదీశాను. అయిదు రోజులు సెలవు పెట్టి, వాక్యం కింద స్కేలు పెట్టి, నీ గొంతునూ అచ్చునూ పక్కపక్కన నడిపించాను. ఇరవై ఏళ్లు దాచుకున్న చూపును ఆ అయిదు రోజుల్లో వాడేశాను. ఫలితం ఇది:

ఒకటి నుండి తొమ్మిది వరకు భాగాలు: తప్పులు లేవు.
పది నుండి పదిహేను: ఏడు.
పదహారు నుండి ఇరవై: పందొమ్మిది.
చివరి మూడు: ముప్పై ఒకటి.
మొత్తం యాభై ఏడు. అందులో నలభై నాలుగు చోట్ల పోయింది ఒక కొమ్మో, గుడో, ఏదో ఒక చిన్న గుర్తు.

ఇది తప్పుల పట్టిక కాదు అక్కా. గేజీ ఒక్కసారిగా చెడదు. కొంచెం, ఇంకొంచెం, ఆపైన చాలా. బల్ల మీద ఇటువంటి అంకెలు వస్తే ఆ గేజీని వెంటనే విప్పి చూస్తాను, మర్నాటికి కూడా వదలను.

ఇంకొకటి. పందొమ్మిదో భాగంలో ఒక పేజీ మొత్తం నీవు చదవలేదు. దాని బదులు చదివినది పుస్తకంలో ఎక్కడా లేదు. గోడ పట్టుకుని నడిచే మనిషి ఆ నవలలో లేడు. రెండుసార్లు మొదటి నుండి చివరి దాకా వెతికాను.

ఆ మాటలు ఎవరివి?

తమ్ముడు

—

ఆగస్టు 27

నన్ను కొలవడానికి నేను గేజీనా? చీటీ కడతావా మెడకి? కరెంటు సరిగా లేదు, బల్బు మసగ్గా ఉంది, అందుకే రెండు ముక్కలు అటూ ఇటూ అయ్యాయి. అయితే ఏం? గ్రంథాలయం వాళ్లకి ఒక్క మాట చెప్పావో, ఈ జన్మకి నాతో మాట్లాడకు. ఆ గొంతు ఒక్కటే మిగిలింది నాకు.

ఉత్తరాలు రాయకు కొన్నాళ్లు.

—

కంటి ఆసుపత్రి వరండా,
సెప్టెంబరు 4

అక్కా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను.

ఇరవై ఏళ్లు గోడ మీది గళ్లు చూశాను కానీ ఒక్కసారైనా డాక్టరు దగ్గరకు రాలేదు. చూస్తే తెలిసిపోతుందని భయం. ఈరోజు వచ్చాను. కళ్లలో మందు చుక్కలు వేశారు, ఈ కాగితం మసకగా కనబడుతోంది. నీకు రోజూ ఇలాగే ఉంటుందా?

డాక్టరమ్మ చాలా సేపు లైటు వేసి చూసింది. చివరికి, "మీకేమీ లేదు. ఇప్పటికైతే శుభ్రంగా ఉన్నాయి. ఏడాదికోసారి రండి," అంది.

సంతోషించాలి కదా. సంతోషం రాలేదు. నాన్న జబ్బు నా వాటాకు వస్తుందని ఇరవై ఏళ్లు కాపలా కాశాను. నా ఇంటికి తాళం వేసుకుని కూర్చుంటే అది పక్కింట్లోకి పోయింది.

ఆమెకు నాన్న సంగతి చెప్పాను, యాభై ఏడు తప్పుల కాగితం చూపించాను. నవ్వలేదు. రెండుసార్లు చదివి, "ఇది ఎవరిది?" అంది. మా అక్కది అన్నాను. "నాలుగు నెలల్లో ఇంత మారితే ఆలస్యం చేయకూడదు. చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ నేననుకున్నదే అయితే కంట్లోకి సూది మందు ఉంది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టడానికి ప్రయత్నించవచ్చు. నెలలు కాదు, వారాల్లో తీసుకురండి," అంది.

నాన్న కాలంలో ఆ సూది లేదు. నీ కాలంలో ఉంది. ఆయన దాచింది మన కోసం. నీవు ఎవరి కోసం దాస్తున్నావు?

పద్నాలుగో తేదీ, ఉదయం పది గంటలకు నీ పేరు వ్రాయించాను. వస్తానని ఒక్క మాట వ్రాయి. లేకపోతే పదమూడున నేనే వచ్చి నీ గుమ్మంలో కూర్చుంటాను.

తమ్ముడు

—

ఎదురింటావిడ డైనింగ్ టేబులు,
సెప్టెంబరు 9

తమ్ముడూ,

నేను చెబుతుంటే ఎదురింటావిడ రాస్తోంది. అన్నీ చెప్పినవి చెప్పినట్టు రాయమన్నా. (రాస్తున్నానండీ, మీరు ఏడవకుండా చెబితే. — ఎదురింటావిడ)

గళ్ల కాగితం అరలో పరవలేదురా. కవరు విప్పిన రోజే గోడకి పెట్టి చూశా. కుడి కంట్లో నడిమి గళ్లు లేవు. ఎడమ కంట్లో వంకర. చింపి పొయ్యిలో పడేశా. మర్నాడు నాన్నలా వసారాలో గోడ పట్టుకుని నడుస్తున్నా, నాకు తెలియకుండానే.

ఉద్యోగం వదిలింది గొంతుకి కాదు. బోర్డు మీద బస్సు నంబరులో ఎనిమిది, మూడు ఒకేలా కనబడ్డాయి. తప్పు పిలిస్తే ఒక ముసలాయన వేరే బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. ఏ ఊళ్లో దిగాడో ఇప్పటికీ తెలీదు. ఎడమ కన్ను బాగానే ఉంది కదా, నెమ్మదిగా చదవొచ్చు కదా అని గ్రంథాలయంలో చేరా. చూపు లేనివాళ్లకి చదువుతుంటే నాకు ఉన్నట్టే అనిపించేది.

పందొమ్మిదో భాగం రోజు పేజీ అంతా మంచు. మైకు నడుస్తోంది, అద్దం అవతల ఆఫీసావిడ తల ఊపుతోంది. ఆపితే అడుగుతుంది. నోటికొచ్చింది చెప్పా. నాన్న గురించి చెప్పా. ఊహించి చదవకురా అని నీకు మొట్టికాయలు వేసి, నేనే ఊహించా. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

అందుకే ఆఖరి రోజు ఒట్టు పెట్టుకున్నా, కనబడింది కనబడినట్టే చదవాలని. తలుపు అని రావాలని తెలుసురా, అంత తెలీదా? కానీ కొమ్ము కనబడలేదు. కనబడని కొమ్ముని చదవనన్నా. నా మొదటి నిజం అదే, నువ్వు పట్టుకుందీ అదే.

భయంగా ఉందిరా. కంట్లో సూదట. అయినా వస్తా. పద్నాలుగు, పది గంటలు. నా చెయ్యి పట్టుకో, నాన్నది పట్టుకున్నట్టు. గట్టిగా కాదు, ఆయనకి నచ్చేది కాదు.

(ఆవిడని నేను బస్సెక్కిస్తాను. నంబరు నేను చూస్తాను. — ఎదురింటావిడ)

—

దర్జీ షాపు,
అక్టోబరు 26

గౌరవనీయురాలైన అక్కకు,

రెండో సూది తరువాత ఎడమ కంటి గళ్లు అంతకు మించి వంకర పోలేదని డాక్టరమ్మ అన్న మాటను తేదీతో సహా గోడకు వ్రాశాను. కుడి కన్ను గురించి ఆమె ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. నా గళ్ల కాగితం మాత్రం తీసేశాను. ఆ చోట గోడ తెల్లగా ఉంది, ఉదయం లేవగానే చూపు అక్కడికే పోతోంది.

గ్రంథాలయానికి నీవే స్వయంగా చెప్పావని విన్నాను. ఆఫీసావిడ కోప్పడలేదట, పందొమ్మిదో భాగం విన్న ముగ్గురు శ్రోతలు ఆ గోడ పేజీ మళ్లీ కావాలని అడిగారట. దానిని పుస్తకంలో ఉంచడం న్యాయం కాదు. నా కార్డులో మాత్రం ఉంచుతాను.

ఇప్పుడు నా సంగతి. నీకు ఇచ్చిన రెండో పుస్తకం ఇక నీవు చదవలేవు కనుక మేము చదివి పంపుదామని నర్సమ్మ గారు ప్రతిపాదించారు. నేను బల్ల కిందికి దూరిపోవాలనుకున్నాను. నా నోట ఒత్తులు పలకవు, బడి లేని నాలుక. "అన్నగారూ, మీరు తప్పు చదివితే మళ్లీ మాకో కొత్త కథ దొరుకుతుంది, భయమెందుకు?" అని దర్జీ గారు కుట్టుమిషను ఆపేశారు, చప్పుడు రాకుండా.

మొదటి భాగం నాది. ముప్పై ఒక్క నిమిషాలు. పదకొండు చోట్ల తడబడ్డాను, పట్టిక జత చేస్తున్నాను. ప్రతి కొమ్ము దగ్గర ఆగి, ఉందో లేదో చూసి, ఆపైనే పలికాను. అందువల్ల కొంత నత్తనడక. వింటూ మొట్టికాయ వేయవలసి వస్తే ఆ నిమిషం రాసి ఉంచు.

తమ్ముడు

—

వసారా,
నవంబరు 11

ఒరే జాబితా,

విన్నా. రెండుసార్లు. పన్నెండో తడబాటు నువ్వు పట్టికలో వెయ్యలేదు, ఇరవై ఆరో నిమిషం. అక్కడ ఏడ్చావు.

మిగతా భాగాలు నువ్వే తీసుకురా. వచ్చే ఆదివారం. గుమ్మం దాకా వచ్చి బెల్లు కొట్టకు, లేచి వచ్చేసరికి నాకు ఆలస్యమవుతుంది.

ఈ ఉత్తరం ఎవరి చేతా రాయించలా. నా చేత్తోనే రాస్తున్నా, లైనుకి రెండు మాటలు. కొమ్ములు పడ్డాయో లేదో నాకు కనబడట్లేదు. ఊహించకు, ఉన్నది చదువుకో.

తలపు తెరిచే ఉంటుంది.

అక్క